కూర్చోబెట్టి చూశాకే ఇన్సోల్ మాట

సంపాదకులకు,

చదును పాదాల వల్ల వెన్ను వంకర పోతుందనీ, బూటులో ఇన్సోల్ (అరికాలి కింద పెట్టే మెత్తటి అట్ట) పెడితే సర్దుకుంటుందనీ తరచూ వింటున్నాం. ఇందులో సగమే నిజం. రెండో సగాన్ని నమ్మితే ఎదిగే పిల్లలకు చేటు.

చీలమండ లోపలికి ఒరిగి అరికాలి వంపు కుంగితే మోకాలు, తొడ ఎముక కూడా లోపలికి తిరుగుతాయి. కటి (తుంటి ఎముకల గూడు) కాస్త ముందుకు వాలి నడుము గుంట లోతవుతుంది. పైకి వెళ్లేకొద్దీ ఈ ప్రభావం పలచబడుతుంది కూడా. రెండు పాదాలూ సమానంగా కుంగితే వెన్ను పక్కకు వంగదు. ఒక్కటే కుంగితే ఆ కాలు పొట్టిదైనట్టే. కటి అటు దిగుతుంది, నడుము దగ్గర వెన్ను ఆ వైపుకే విల్లులా ఉబ్బుతుంది.

ఈ వెన్ను వంపు పాదం నుంచి వచ్చిందో, వెన్నులోనే ఉందో తేల్చడానికి ముందు ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టండి. పాదాల ప్రమేయం పోయాక వంపు కూడా పోతే తప్పు కిందే ఉంది. తరవాత నిలబెట్టి, పాదాలు దగ్గరగా, మోకాళ్లు చాచి, అరచేతులు జోడించి వీపు నేలకు సమాంతరమయ్యేదాకా వంగమనండి. వెనక నుంచి వీపు ఎత్తులో కళ్లు పెట్టి చూడాలి. ఒక పక్క పక్కటెముకలు ఉబ్బెత్తుగా లేస్తే వెన్నుపూసలు మెలితిరిగాయన్నమాట. వీపు మీద పెట్టి ఆ వాలును కొలిచే స్కోలియోమీటర్ 7 డిగ్రీలు, ఆపైన చూపితే ఎక్స్‌రే తీయించాల్సిందే. అందులో కాబ్ కోణం, అంటే వెన్ను పక్క వంపు కొలత, 10 డిగ్రీలు, ఆపైన ఉంటే స్కోలియోసిస్ (వెన్నే మెలితిరిగి పక్కకు వంగడం). ఎదిగే వయసులో 25 నుంచి 40 డిగ్రీల మధ్య వంపుకి ఒంటికి గట్టి పట్టీ (బ్రేస్) వేస్తారు. ఇన్సోల్‌తో ఆ వంపు తగ్గదు. దాన్ని నమ్మి ఆర్నెల్లు గడిపితే ఈలోగా వంపు పెరిగి, పట్టీ పనిచేసే అదను దాటిపోవచ్చు.

పాదం సంగతికొస్తే, మునివేళ్ల మీద లేపి చూడండి. అరికాలి వంపు తిరిగి ఏర్పడి, నొప్పి లేకుంటే ఏమీ చేయనక్కర్లేదు. చిన్నపిల్లల పాదాలు చదునుగా ఉండటం సహజమే. వంపు రాకపోయినా, నొప్పి ఉన్నా ఎముకల డాక్టరుకు చూపించాలి.

కాలు పొట్టి అని మడమ కింద ఎత్తు పెట్టేవాళ్లు ఎక్కువగా పొరపడేది కొలతలోనే. కుంగిన పాదాన్ని సరిగా నిలిపి కటిని మళ్లీ చూడాలి. సమమైతే కాలు పొట్టిది కాదు, కావలసింది అరికాలికి ఊతం. అప్పటికీ తేడా ఉంటే, కటి సమమయ్యేదాకా ఆ పాదం కింద పలచని చెక్కలు పేర్చితే ఆ మందమే తేడా. 1 సెంటీమీటరు లోపు, నొప్పి లేకపోతే సాధారణంగా వదిలేయొచ్చు. ఎత్తు తప్పనిసరైతే 3 నుంచి 5 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. 1 సెంటీమీటరు దాటితే బూటు లోపల పనికిరాదు, మడమ పైకి జారిపోతుంది. బయట అట్టకే వేయించాలి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు