గ్రంథాలయ ప్రణాళికలో ముందు రాయవలసింది వేళలు: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. ఈ జిల్లాలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర బోధించి ఉద్యోగ విరమణ చేసి, ప్రస్తుతం శ్రీకాకుళం పట్టణంలో ఉంటున్నాను. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల గ్రంథాలయాలు వచ్చే ఐదేళ్లలో విద్యార్థులకు ఏ సేవలు అందించాలన్న విషయమై ఈ లేఖ రాస్తున్నాను. గ్రంథాలయ అభివృద్ధి ప్రణాళిక అనగానే మన కళాశాలల్లో తయారయ్యే కాగితాల్లో గది కొలతలు, బీరువాలు, కంప్యూటర్లు, వాటి అంచనా వ్యయం ఉంటాయి. ఆ గదిని ఎన్ని గంటలకు తెరుస్తారు, ఎవరు తెరుస్తారు, పుస్తకాన్ని ఇంటికి ఇస్తారా ఇవ్వరా అన్న సంగతులు మాత్రం ఎక్కడా కనిపించవు. నా విన్నపమంతా వాటి గురించే.

మొదట వేళల సంగతి. మా ప్రాంతంలో డిగ్రీ చదివేవారిలో చాలామంది హిరమండలం, సారవకోట, పోలాకి, గార వైపు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవారే. ఉదయం పది గంటలకు తరగతులు మొదలవుతాయి, గ్రంథాలయమూ అప్పుడే తెరుచుకుంటుంది. మధ్యాహ్నం పిల్లలు భోజనానికి లేచే సమయానికి అటెండరు కూడా తాళం వేసి భోజనానికి వెళతాడు, అందులో అతని తప్పేమీ లేదు, రెండో మనిషి లేడు. ఆఖరి పీరియడు ముగిశాక బస్సు అందుకోవాలన్న ఆదుర్దా తప్ప విద్యార్థికి మరో ఆలోచన ఉండదు. అంటే తరగతి ఎగ్గొడితే తప్ప గ్రంథాలయంలో అడుగుపెట్టలేని విధంగా వేళలను మనమే ఏర్పాటు చేశాం. పట్టణంలో హాస్టళ్లలోనూ అద్దె గదుల్లోనూ ఉండేవారి పరిస్థితి ఇంకోలా ఉంది. వాళ్లు సాయంత్రాలు నెలనెలా రుసుము కట్టి ప్రైవేటు స్టడీ హాళ్లలో కూర్చుంటున్నారు. అక్కడ పుస్తకాలు ఉండవు. ఎవరి పుస్తకం వారే తెచ్చుకుంటారు. కుర్చీకి, ఫ్యానుకు, నిశ్శబ్దానికి వాళ్లు డబ్బు కడుతున్నారు. ఆ మూడూ ఉన్న ప్రభుత్వ గది మాత్రం సాయంత్రం ఐదింటికి తాళం పడి చీకట్లో ఉంటుంది. కనుక ప్రతి పట్టణంలో కనీసం ఒక్క ప్రభుత్వ కళాశాల గ్రంథాలయమైనా ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా రెండు షిఫ్టుల్లో నడవాలని, పరీక్షల నెలల్లో ఆదివారాలు కూడా తెరిచి ఉంచాలని కోరుతున్నాను. ఆడపిల్లలు చీకటి పడ్డాక బయలుదేరవలసి వస్తుంది కాబట్టి ఆ దారిలో దీపాలు, గేటు దగ్గర కాపలా కూడా గ్రంథాలయ ఖర్చులోనే లెక్కకట్టాలి.

రెండోది మనిషి సంగతి. దీని గురించి కొంచెం వివరంగా చెప్పక తప్పదు. నేనెరిగిన ఒక కళాశాలలో భౌతిక రసాయన శాస్త్రం పాఠ్యపుస్తకం ఒకటి తీసి వెనక అట్టకు అంటించిన డ్యూ స్లిప్, అంటే పుస్తకం తిరిగి ఇవ్వవలసిన తేదీలు ముద్రించే చీటీ, చూశాను. ఏళ్ల తరబడి తేదీ ముద్రలు ఒకదాని కింద ఒకటి ఇరుకిరుకుగా పడుతూ వచ్చి, లైబ్రేరియన్ రిటైరైన నెలతో ఆగిపోయాయి. తరువాత ఒక అధ్యాపకుడికి అదనపు బాధ్యతగా తాళాలు అప్పగించారు. ఆయన మంచి అధ్యాపకుడే గానీ, గ్రంథాలయానికి చేరిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టరులో వేల పుస్తకాలకు సంతకం చేసి చార్జి తీసుకున్నాక, పోయిన ప్రతి పుస్తకం ఖరీదూ తన జీతంలోంచి రికవరీ చేస్తారేమోనన్న భయం పట్టుకుంది. దాంతో పుస్తకాలు ఇంటికి ఇవ్వడం మానేశారు. అక్కడే కూర్చుని చదువుకోమన్నారు, కొన్నాళ్లకు బీరువాలకే తాళాలు వేశారు. పుస్తకాలు లెక్కచూసే స్టాక్ వెరిఫికేషన్‌లో లెక్క తప్పకుండా సరిపోయింది. పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికేనని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో మద్రాసు నుంచి వెలువరించిన పంచసూత్రాలలో మొదటి సూత్రం. మన ఆడిట్ పద్ధతి ఆయనను చదివినట్టు కనిపించదు.

ఈ భయానికి విరుగుడు కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017లో 215వ నిబంధన చూడండి. ఏడాదిలో ఇచ్చిన లేదా సంప్రదించిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడాన్ని, అందులో మోసం గానీ నిర్లక్ష్యం గానీ లేనప్పుడు, సహజమైన నష్టంగా పరిగణించవచ్చని అది చెబుతుంది. వెయ్యి రూపాయలు మించిన పుస్తకమైనా, ఖరీదుతో నిమిత్తం లేకుండా అరుదైన పుస్తకమైనా పోతేనే విచారణ తప్పనిసరి. పుస్తకాలు ఇరవై వేలకు మించని గ్రంథాలయాల్లో ఏటా తనిఖీ, ఇరవై నుంచి యాభై వేల దాకా ఉన్నచోట మూడేళ్లకోసారి తనిఖీ చేయమని కూడా అందులోనే ఉంది. మన రాష్ట్ర కళాశాలలన్నిటికీ ఇదే సూత్రాన్ని స్పష్టమైన ఉత్తర్వుగా జారీ చేస్తే, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఎన్నో బీరువాల తాళాలు ఊడతాయి. అలాగని ఉత్తర్వు ఒక్కటే సరిపోదు. గ్రంథాలయ శాస్త్రం చదివిన శాశ్వత లైబ్రేరియన్ లేని కళాశాలలో ఏ సేవనూ ప్రణాళిక చేయలేమన్నది నా దృఢమైన అభిప్రాయం. ఖాళీల భర్తీకి ఒక గడువు ప్రకటించి, ఆ లోపు పక్క పక్క కళాశాలలకు కలిపి ఒకరినైనా నియమించండి.

డిజిటల్ వనరులకు డబ్బు లేదని ఇప్పుడు అనలేం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన, దేశమంతటికీ ఒకే చందాతో పరిశోధన పత్రికలు అందించే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు; ముప్పై ప్రచురణ సంస్థల సుమారు 13,000 పరిశోధన పత్రికలు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. యూజీసీ వారి గ్రంథాలయ సమాచార కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2010 నుంచి నడుపుతున్న ఎన్-లిస్ట్ అనే ఈ-వనరుల సేవ ద్వారా కళాశాల సభ్యత్వం ఉంటే విద్యార్థి తన లాగిన్‌తో ఇంటి దగ్గర నుంచే ఈ-పుస్తకాలు చదువుకోవచ్చు. అయితే ఆ లాగిన్లు ఎవరు ఇస్తారు, పాస్‌వర్డ్ మరిచిపోయిన పిల్ల ఎవరిని అడగాలి? మళ్లీ మనిషి దగ్గరికే వచ్చాం. పైగా పరిశోధన పత్రికలు పీజీ వారికి, అధ్యాపకులకు అక్కరకొస్తాయి గానీ బీఎస్సీ మొదటి సంవత్సరం విద్యార్థికి కావలసింది ఒక మంచి పాఠ్యపుస్తకం, దానికి చాలినన్ని ప్రతులు. పెద్ద అంకెలు చూసి ఈ చిన్న అవసరం తీరిపోయిందనుకోవద్దని మనవి.

ఇక్కడే ఇంకో మాట. 2021-22 నుంచి డిగ్రీ చదువు ఆంగ్ల మాధ్యమంలోకి మారాక, తెలుగు అకాడమీ పుస్తకాలను పాతవిగా లెక్కగట్టి పురికొసతో కట్టలు కట్టి మూలన పడేస్తున్న చోట్లున్నాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివివచ్చిన విద్యార్థి ఇంగ్లీషు పుస్తకాన్ని అర్థం చేసుకునేది ఆ తెలుగు పుస్తకాన్ని పక్కన పెట్టుకునే. సిలబస్ మారినా ఉష్ణగతిక శాస్త్ర నియమాలు మారలేదు కదా. పనికిరావని లెక్కల్లోంచి తీసేసే పుస్తకాల రైటాఫ్ జాబితాలను ఆయా శాఖల అధ్యాపకులు, విద్యార్థులు చూసి ఒప్పుకున్నాకే ఆమోదించేలా చూడండి.

ప్రణాళిక ఎలా వేయాలో తెలుసుకోవడానికి మీరు దూరం వెళ్లనక్కరలేదు. కథారచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో ఇదే ఊళ్లో కథానిలయం ప్రారంభించారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా సేకరించి భద్రపరచాలన్నది దాని పని. ఆ పని మొదటే తేల్చుకున్నారు కాబట్టి, తరువాత కథలను స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టినప్పుడు ఏది పెట్టాలన్న సందిగ్ధం వారికి రాలేదు. మన కళాశాలలూ ఒక్కొక్కటి తన ప్రాంతానికి సంబంధించిన ఒక విషయాన్ని ఎంచుకుని సేకరించవచ్చు. ఇక్కడి గిరిజనులైన సవరల భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా ఇది. ఆ కృషికి సంబంధించిన పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని సవర విద్యార్థి అడిగితే సమాధానం చెప్పగల గ్రంథాలయం ఒక్కటైనా ఉండాలి.

చివరగా, ప్రతి కళాశాలా తన ఐదేళ్ల ప్రణాళికను పంపేముందు గ్రంథాలయ కమిటీలో బస్సులో వచ్చే విద్యార్థి ఒకరిని, హాస్టల్ విద్యార్థిని ఒకరిని, చూపులేని విద్యార్థులు ఉన్నచోట వారిలో ఒకరిని సభ్యులుగా చేర్చాలని, ఆ ప్రణాళిక మొదటి పేజీలో గ్రంథాలయం తెరిచి ఉండే వేళలు, బాధ్యుని హోదా, ఏడాదిలో ఇంటికి ఇచ్చిన పుస్తకాల సంఖ్య తప్పనిసరిగా రాయాలని, ఆ మూడూ లేని ప్రతిపాదనకు పరికరాల నిధులు విడుదల చేయరాదని ఆదేశించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఈ లేఖ ప్రతిని కళాశాల విద్యా కమిషనర్ గారికి కూడా పంపుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
శ్రీకాకుళం