పచ్చ స్కూటరు మాస్టారికీ, మిగతా ఖాతాదారులకీ

మన కారం కొట్టు పద్దెనిమిది రోజులు మూసి ఉంది. గుంటూరు పట్నంబజారు దాకా వచ్చి తాళం చూసి వెనక్కి పోయినవాళ్లు నన్ను మన్నించాలి. నాన్న పోయారు. ఎనభై ఒకటో ఏట, నిద్రలోనే. పెద్దకర్మ అయ్యాక కూడా ఓ వారం షట్టరు ఎత్తబుద్ధి కాలేదు.

ఇప్పుడు తెరిచాం. ఆవకాయ కారం ఉందా అని ఫోన్లు చేస్తున్నారు. ఉంది. కానీ దాని సంగతి ఒకటి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

తెరిచిన మొదటి వారం ఆడించిన కారం బాగాలేదు. కాయ కొన్నది నేనే. మిర్చి యార్డు నాకు కొత్త కాదు, పదిహేనేళ్లుగా వెళ్తున్నాను. కాకపోతే ఎప్పుడూ నాన్న వెనకాలే. ఆయన టిక్కీలోకి, అంటే మిరపకాయల బస్తాలోకి, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి కాయలు తీసేవారు. పైనున్నవి ఎవరి సరుకైనా అందంగానే ఉంటాయి కదా. ఒక కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవారు, గింజ గలగలమనాలి. తర్వాత మధ్యకి విరిచేవారు. చెమ్మ ఉన్న కాయ విరగదు, వంగుతుంది. ఇంతా చూసి రేటు అడగకుండా "టీ తాగొద్దాం పదమ్మా" అనేవారు. మనం టీ తాగొచ్చేలోగా కమీషన్ వ్యాపారి తనంతట తనే తగ్గుతాడని ఆయన నమ్మకం. తగ్గినవాణ్ణి నేనైతే పెద్దగా చూడలేదు.

యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేలోగా కొనేయాలని కంగారు పడ్డాను. 334 రకం మిర్చి, రంగు చూస్తే కళ్లు తిప్పుకోలేం. చెయ్యి దూర్చాను గానీ మణికట్టు దాకానే. ముచ్చికలు తీసే ఆవిడ "అడుగు కాయ మెత్తగా ఉందమ్మా" అని చెప్పనే చెప్పింది. ఒక పూట ఎండబెట్టి ఆడించేశాను. వారం తిరక్కుండా డబ్బాలో ఉండలు కట్టింది, రంగు నల్లబడింది.

ఆ వారం కారం పట్టుకెళ్లినవాళ్లు తిరిగి తెచ్చేయండి. సగం వాడేసినా ఫర్వాలేదు, మొత్తానికి మొత్తం కొత్తది ఇస్తాను. ఆవకాయ కలిపేసి ఉంటే మామిడికాయల ఖర్చు, నూనె ఖర్చు కూడా నాదే. ఇప్పటికి నలుగురు వచ్చారు. ఇంకా చాలామంది ఉన్నారని నాకు తెలుసు, మొహమాటపడకండి.

రెండోది నాన్న ఖాతా పుస్తకం. అందులో ఒక్క పేరూ ఉండదు. "పచ్చ స్కూటరు మాస్టారు", "కొరిటెపాడు చెల్లెమ్మ", "నవ్వుతూ బేరమాడే ఆవిడ". పేర్లు రాయొచ్చు కదా తాతయ్యా అని మా అమ్మాయి అడిగితే, "ఆ పేరు ఊళ్లో పదిమందికి ఉంటుందే, పచ్చ స్కూటరు ఒక్కడికే" అన్నారట.

రావాల్సిన బాకీలు చాలావరకు 2020 లాక్‌డౌన్ నాటివి. యార్డు మూతపడి, పనుల్లేక జనం ఇబ్బంది పడుతుంటే, ఉన్న సరుకు అరువిచ్చేశారు. సగం పద్దులు ఆయనే కొట్టేశారు, మిగతా సగం నేను కొట్టేశాను. వాటి కోసం ఎవరూ రానక్కర్లేదు.

వెనక పేజీ అలా కాదు. మేం ఇవ్వాల్సినవి అక్కడ ఉన్నాయి, ఆవకాయ కారానికి అడ్వాన్సు ఇచ్చిన తొమ్మిది మంది. ఆరుగురెవరో మా అమ్మాయి పోల్చింది, వాళ్ల సరుకు వాళ్లకి చేరింది. ముగ్గురు తేలలేదు: "గోంగూర అమ్మ 1,000", "కవలల తాతగారు 3 కిలోలు", "పచ్చ స్కూటరు మాస్టారు 500". చీటీలేం అక్కర్లేదు, మనిషి వస్తే చాలు.

అదే పుస్తకంలో మా అమ్మాయి మీదా పద్దుంది. "బుజ్జి, జీళ్లు, 10" అని వారం వారం. కూడితే 2,160. అది మాత్రం కొట్టేయొద్దని గొడవ చేసింది. అందుకే ఆదివారాలు గల్లా దగ్గర ఆవిడే కూర్చుంటోంది. చిల్లర ఒకసారి లెక్కపెట్టుకోండి.

కొట్టు ఉదయం 9 నుంచి రాత్రి 8 దాకా, ఆదివారం ఒంటిగంట వరకే. కొత్త కారం మూడు ఎండలు ఎండిన కాయతో ఆడించింది. రేటు పెంచలేదు.

మాస్టారూ, స్కూటరు మార్చేసి ఉంటే మార్చేశారు. మీ పద్దు పక్కన నాన్న ఇంకో ముక్క కూడా రాశారు. అది అందరిలో చెప్పేది కాదు. వచ్చి మీరే చదువుకోండి.