కాటా తీసుకెళ్లారు, కాగితం ఇవ్వలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా కిరాణా దుకాణం నడుపుతున్నాను. ఒక్క మడిగె షాపు. నేను, నా భార్య కూర్చుంటాం. మొన్న సాయంత్రం మా గల్లీలోకి పోలీసు బండి వచ్చింది. మూల మీద పాన్ డబ్బా దగ్గర ఆగి, రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయింది. ఆ డబ్బాలో గుట్కా దొరుకుతుందని ఐదో తరగతి పిల్లగాడికి కూడా తెలుసు. నాకు మాత్రం 2021 మే నెల గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మే 12 నుంచి లాక్‌డౌన్ పెట్టారు. పొద్దున ఆరు నుంచి పది వరకే సడలింపు. బేగంబజార్‌కు పోయి సరుకు తెచ్చుకోవాలన్నా ఆ నాలుగు గంటలే, అమ్ముకోవాలన్నా ఆ నాలుగు గంటలే. తొమ్మిదిన్నర దాటితే షాపు ముందు తోపులాట. రోగం అంటకుండా పెట్టిన నిబంధన కదా, ఆ అరగంటలోనే మనుషులు ఒకరి మీద ఒకరు పడేవాళ్లు.

మా వైపు డ్యూటీ చేసే ఒక కానిస్టేబుల్ ఉండేవాడు. పదికి బండి మీద వచ్చి, "అన్నా, టైమైంది, షట్టర్ గుంజు" అనేవాడు. లోపల ఉన్నవాళ్లకు సామాను కట్టిచ్చేదాకా బయటే నిలబడేవాడు. కొత్తగా ఎవరినీ రానిచ్చేవాడు కాదు. ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే. ఎండలో, మాస్కులో, రోగం భయంతో పని చేశారు వాళ్లు.

ఒకరోజు ఆయన రాలేదు. పది దాటి ఐదారు నిమిషాలైంది. షట్టర్ సగం దించాను. పక్క గల్లీ కోడలు పరుగెత్తుకుంటూ వచ్చి, అత్తకు జ్వరమని, జావకు అరకిలో బొంబాయి రవ్వ కావాలని అడిగింది. కాటా మీద పోస్తుంటే వేరే అధికారి వచ్చాడు. మాట్లాడే సందు ఇవ్వలేదు. రవ్వ ఉన్న ప్లేటును అలాగే వంచేసి, కాటా వైరు పీకి జీపులో పెట్టించాడు. రవ్వ గడప మీద పడింది. ఆమె కిందికి వంగి పైపైన ఎత్తుకోబోతే నేనే వద్దని కొత్తగా ప్యాకెట్ ఇచ్చాను. చలాన్ రాశారా అంటే లేదు. రసీదు లేదు. ఏ ఉత్తర్వు కింద తీసుకెళ్తున్నారని అడిగితే, "స్టేషన్‌కు వచ్చి మాట్లాడు" అన్నారు.

నాలుగో రోజు వెళ్తే, స్టేషన్ వెనకాల వరండాలో మెట్ల కింద ఏడెనిమిది కాటాలు గుట్టగా పడి ఉన్నాయి. ఏది ఎవరిదో వాళ్లకే తెలియదు. మా చిన్నోడు ప్లేటు వెనక అతికించిన క్రికెట్ స్టిక్కర్ చూసి నాదాన్ని పట్టుకున్నాను. తెలిసినాయన ఫోన్ చేస్తే ఇచ్చారు. ఫోన్ చేయించుకోలేని కూరగాయల బండి ఆమె అక్కడే కూర్చుని ఉంది.

మా తమ్ముడి షాపు వేరే కమిషనరేట్ కింద ఉంది. అక్కడ పదిన్నర దాకా ఏమీ అనేవాళ్లు కాదట. జీవో రాష్ట్రం మొత్తానికి ఒక్కటే కదా! మా షాపుకు వచ్చే లాయరు గారు అప్పుడు చెప్పింది నాకు బాగా గుర్తుంది. అధికారి ఉత్తర్వు మీరితే అప్పటి శిక్షాస్మృతి ఐపీసీలో 188 సెక్షన్ (దాని బదులు ఇప్పుడు వచ్చిన బీఎన్ఎస్‌లో అది 223). ఆ కేసును కోర్టు తీసుకోవాలంటే ఆ ఉత్తర్వుకు సంబంధించిన అధికారి గానీ, ఆయన పై అధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. అంటే చట్టమే రాత అడుగుతోంది. గల్లీలో మాత్రం అంతా నోటి మాటే.

పోలీసులకు విచక్షణ ఉండకూడదని నేను అనను. అది లేకపోతే ఆ కానిస్టేబుల్ మమ్మల్ని అట్లా చూసుకునేవాడు కాదు. కానీ ఈ రోజు డ్యూటీలో ఎవరున్నారన్న దాన్ని బట్టి నా బతుకు నడవకూడదు. మే 31 నుంచి ప్రభుత్వం సడలింపును మధ్యాహ్నం ఒంటిగంట వరకు పెంచి, ఇళ్లకు చేరడానికి ఇంకో గంట ఇచ్చింది. ఆ గంటను ఉత్తర్వులోనే రాసి ఇచ్చారు. మా గల్లీలో టెన్షన్ సగం తగ్గింది. పోలీసు కేకలేయలేదు, మేమూ బతిమాలలేదు. అంతకుముందు ఆ కానిస్టేబుల్ మంచితనంగా ఇచ్చిన ఐదు నిమిషాలే అందరికీ హక్కుగా వచ్చినట్టయింది.

ఇక గుట్కా. 2024 మేలో పొగాకు, నికోటిన్ కలిసిన గుట్కా, పాన్ మసాలా మీద రాష్ట్రంలో ఏడాది నిషేధం విధించారు. అది ఫుడ్ సేఫ్టీ కమిషనర్ ఉత్తర్వు. ఇలాంటి ఉత్తర్వులు ఏడాదికి మించి ఉండవు, మళ్లీ ఇస్తుండాలి. ఇప్పుడు ఏది అమల్లో ఉందో మాలాంటి షాపులకు ఎవరూ వచ్చి చెప్పరు. మా బావ పదిహేనేళ్లు జర్దా నమిలాడు. దవడకు క్యాన్సర్ వస్తే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రికి ఎన్నిసార్లు తిప్పామో లెక్క లేదు. చివరికి నోరు రెండు వేళ్ల వెడల్పు కూడా తెరుచుకునేది కాదు, స్ట్రాతో మజ్జిగ తాగించేవాళ్లం. ఆ ఏడాదే నా షాపులో పొగాకు సరుకు మొత్తం తీసేశాను. నష్టం వచ్చినా తీసేశాను. అరకిలో రవ్వకు నా కాటా ఎత్తుకెళ్లిన చేతులు, బడికి నూరు గజాల లోపలే ఉన్న ఆ డబ్బా దగ్గర ఎందుకు ఆగిపోతాయి? బడికి అంత దగ్గర పొగాకు అమ్మకూడదని 2003 చట్టంలోనే ఉంది.

ఆరోగ్య శాఖకు, పోలీసు ఉన్నతాధికారులకు మీ పత్రిక ద్వారా నేను కోరేది ఇంతే. ప్రజారోగ్యం పేరుతో ఏ ఉత్తర్వు ఇచ్చినా తెలుగులో, ఉర్దూలో ఒక పేజీ వేయించి ప్రతి షాపుకూ ఇవ్వండి. ఏది బంద్, దేనికి మినహాయింపు, జరిమానా ఎంత, అది వేసే అధికారం ఎవరిది అన్నది అందులో ఉండాలి. వస్తువు తీసుకెళ్తే అక్కడికక్కడే రసీదు రాయండి. వదిలేస్తే ఎందుకు వదిలేశారో కూడా స్టేషన్ డైరీలో ఒక ముక్క రాయండి. కాగితం ఇస్తే షట్టర్ పక్కన గోడకు నేనే అంటిస్తాను. పొగాకు ప్యాకెట్లు వేలాడదీసిన చోటు ఇప్పుడు ఖాళీగానే ఉంది.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి, హైదరాబాద్
(రోజూ అదే గల్లీలో బతకాలి గనుక పేరు వేయవద్దని మనవి.)