ఇది తీరిక వేళల పని కాదు

సంపాదకులకు నమస్కారం.

‘తీరిక వేళల్లో ఇంట్లో కూర్చునే సంపాదించండి’ అనే మాట ఈమధ్య ఎక్కడ చూసినా కనబడుతోంది. ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మి ఇల్లు నడుపుకుంటున్న మనిషిగా ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. దీన్ని నమ్మి వ్యాపారంలోకి దిగుతున్న ఆడపిల్లలకు సరుకు ఎలా చెయ్యాలో తెలుసు, ఫోన్లో ఫొటో ఎలా పెట్టాలో తెలుసు. రోజును ఎలా పంచుకోవాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

ఆవకాయనే తీసుకోండి. టెంక కట్టిన పుల్లటి కాయ దొరికేది వేసవిలో కొన్ని వారాలే. పొద్దున్నే బజారుకు పోయి ఏరుకోవాలి. కడిగి, తడి లేకుండా తుడిచి, ముక్కలు కొట్టించాలి. ప్రతి ముక్కలోంచీ జీడి తీసి, టెంకకు అంటుకున్న పలచటి పొర గీకి, మళ్లీ పొడిగుడ్డతో తుడవాలి. ఇక్కడ తొందరపడితే పచ్చడి బూజు పట్టిపోతుంది. ఉప్పు, కారం, ఆవపిండి, పప్పునూనె కలిపి జాడీకెత్తాక, మూడో రోజు తిరగ కలిపి, ఉప్పు చూసి, నూనె తేలిందని నమ్మకం కుదిరాకే సీసాలకెత్తాలి. మాగాయ అయితే ముక్కలు, ఊట కూడా ఎండబెట్టాలి. ఆ రోజు మబ్బు పట్టిందంటే ఇక టెన్షనే.

ఈ పని సాగుతున్నంతసేపూ పక్కన ఫోను మోగుతూనే ఉంటుంది. ‘కిలో ఎంత?’ ‘ఇవాళే పంపిస్తారా?’ ‘వెల్లుల్లి లేకుండా ఉందా?’ కొనేవాళ్లు అడగడంలో తప్పేమీ లేదు. కానీ ప్రతిసారీ చెయ్యి కడుక్కుని జవాబిస్తూ కూర్చుంటే, ఆ తడి చెయ్యి మళ్లీ ముక్కల్లో పెట్టాలి. మా పనిలో అది కుదరదు.

అందుకే నేను ఫోనుకు వేళలు పెట్టాను. పొద్దున్న ఆరున్నరకు కాసేపు చూస్తాను. వేసవిలో న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకు అప్పుడు రాత్రి తొమ్మిది. పిల్లల్ని పడుకోబెట్టి తీరిగ్గా ఆర్డరు చెబుతారు, ఇక్కడున్న అమ్మానాన్నలకు పంపమనేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఫోను వేరే గదిలో ఉంటుంది. సాయంత్రం మళ్లీ చూస్తాను, ఎనిమిది దాటితే ఇక మర్నాడే. వ్యాపారం చేసేవాళ్ల కోసం ఉన్న వాట్సాప్ బిజినెస్ యాప్‌లో పని వేళలు పెట్టుకుంటే, ఆ వేళలు కానప్పుడు వచ్చిన మెసేజ్‌కి మనం రాసిపెట్టిన జవాబు దానంతటదే వెళ్తుంది. ధరలన్నీ క్యాటలాగ్‌లో పెడితే సగం ప్రశ్నలు తగ్గుతాయి. దీనికి పైసా ఖర్చు లేదు. నేర్పేవాళ్లుంటే ఒక్క పూటలో వచ్చేస్తుంది.

పార్సిళ్లు సోమవారం, గురువారం మాత్రమే కడతాను. రోజూ రెండేసి కట్టుకుంటూ పోతే ఆ అట్టపెట్టెలూ, టేపూ, లేబుళ్లూ రోజూ బయటికి తీసి మళ్లీ సర్దాలి. ‘గురువారం పంపుతాం’ అని ముందే చెబితే కొనేవాళ్లు ఆగుతారు. రేపు అని చెప్పి పంపకపోతేనే వాళ్లకు కోపం వస్తుంది. ఈ పద్ధతి వల్ల కొన్ని ఆర్డర్లు పోయాయి, పోతూనే ఉంటాయి. అయినా నాకు ఇదే నయమనిపించింది.

మా వీధిలో ఒకమ్మాయి మగ్గం వర్క్ చేస్తుంది. చెయ్యి చాలా నాణ్యం. మొన్న కనబడి, ‘పొద్దుట్నుంచీ రీల్ పెట్టడానికే సరిపోయింది ఆంటీ, జాకెట్టు ముట్టుకోనే లేదు’ అంది. ఆ జాకెట్టు పెళ్లికూతురిది. రాత్రంతా కూర్చుని కుట్టి ఇచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇరవై రెండేళ్ల పిల్ల ఇలా ఎన్నాళ్లు నెట్టుకొస్తుంది? వారానికి ఒక పూట కూర్చుని ఫొటోలు, వీడియోలు అన్నీ ఒకేసారి తీసిపెట్టుకోమని చెప్పాను. ఆ మాట ఆ పిల్లకు మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఇంకో సంగతి. ‘ఇంట్లోనే ఉన్నావుగా’ అంటారు. ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాస్ బండ వస్తే తీసుకో. ఇంట్లోనే ఉన్నావుగా, పిల్లాణ్ణి స్కూలు నుంచి తీసుకురా. బజార్లో కొట్టు పెట్టుకున్న మగవాణ్ణి గల్లా పెట్టె దగ్గర నుంచి ఎవరూ ఇలా లేపరు. మా పని గంటలు ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే, వాట్సాప్‌లో ఎన్ని వేళలు పెట్టుకున్నా లాభం లేదు.

రేటు కట్టేటప్పుడు కూడా కాయ, నూనె, కారం, సీసా, కొరియర్ అన్నీ లెక్కవేస్తాం కానీ మన గంటలు వెయ్యం. ఆ గంటలు పచ్చడి పట్టడానికే కాదు, పైపనులకూ పోతాయి. సీసా మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, తయారీ తేదీ, బరువు ఉండేలా లేబుళ్లు వేయించుకోవాలి. డబ్బులు ఎవరివి వచ్చాయో, ఎవరివి రాలేదో రాసుకోవాలి. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితమే, ఆధార్, పాన్ ఉంటే మనమే చేసుకోవచ్చు, అయినా దానికీ కొంత టైము కావాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక వారం పాటు ఏ పనికి ఎన్ని గంటలు పోయాయో నోటుబుక్కులో రాసి చూసుకోండి. ఆ తర్వాత ధర వెయ్యండి.

పొదుపు సంఘాల శిక్షణల్లో లోన్లు, ప్యాకింగ్ గురించి చెప్పే చోట ఈ గంటల లెక్క కూడా ఒక రోజు పాఠంగా పెట్టాలని అధికారులకు మీ ద్వారా విన్నవించుకుంటున్నాను. మీకూ ఒక మనవి. ఇంటి నుంచి వ్యాపారం చేసి పైకొచ్చిన వాళ్ల గురించి రాసేటప్పుడు టర్నోవర్ ఎంతని అడుగుతారు కదా. ఆ రోజుల్లో ఇంట్లో వంట ఎవరు చేశారో, ఆవిడ రాత్రి ఎన్నింటికి పడుకునేదో కూడా అడిగి రాయండి.

– ఒక పచ్చళ్ల తయారీదారు, తణుకు