షార్ట్ ఫిలిం నేర్చుకునేవాళ్లకు గ్రంథాలయంలో రెండు గంటలు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఇళ్లకు కరెంటు వైరింగ్ చేస్తాను. పదిహేనేళ్లుగా ఇదే పని. నిరుడు నాలుగు ఆదివారాలు పట్టి ఏడు నిమిషాల షార్ట్ ఫిలిం ఒకటి తీశాను. వేసవి సెలవులు వస్తే చాలు, మూడు రోజుల్లో డైరెక్షన్ నేర్పిస్తామని మా దగ్గర కరపత్రాలు పంచుతారు. అలాంటి ఒకచోట అడిగితే ఫీజు 18 వేలన్నారు. కెమెరా ముట్టుకోనిచ్చేది ఆఖరి రోజు ఒక్క గంట. అంత డబ్బు లేక నేను ఆగిపోయాను. అప్పు చేసి కట్టిన కుర్రాళ్లు ఇద్దరు నాకు తెలుసు. వాళ్ల దగ్గర సర్టిఫికెట్ ఉంది, సినిమా మాత్రం ఇంకా తీయలేదు. వాళ్లను చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నా సినిమాకు అయిన ఖర్చు 4,260 రూపాయలు. ఫోను నాదే. స్టాండు 850, కాలరుకు తగిలించే మైకు 700, థర్మకోల్ షీట్లు రెండు 160. మిగతాదంతా భోజనాలకీ టీలకీ, మేనల్లుడి బండి పెట్రోలుకీ పోయింది. మొదట రాసుకున్న కథలో పెళ్లి, బస్టాండు, వాన అన్నీ ఉన్నాయి. రెండు నెలలు దాంతోనే గడిచాయి. చివరికి మా వీధిలో ఒంటరిగా ఉండే పెద్దమ్మను చూసి మరో కథ రాశాను. నెలనెలా మీటరు రీడింగుకు వచ్చే కుర్రాడికి ఆవిడ టీ పెట్టి ఉంచుతుంది. ఆ నెల అతను రాడు, ఇంకొకరు వస్తారు. అంతే కథ. ఒక్క ఇల్లు, ముగ్గురు మనుషులు. ఆ ఇంట్లోనే తీశాం, పెద్దమ్మే నటించింది.

ఒక్క రాత్రి సీను ఉంది. ట్యూబ్‌లైటు కింద తీస్తే ఫోనులో నల్లటి చారలు పైనుంచి కిందికి పాకుతూ కనిపించాయి. ఫోను పాడైందేమోనని మేనల్లుడికి టెన్షన్. నాకు మాత్రం అది కరెంటు సంగతని అర్థమైంది. మన కరెంటు సెకనుకు 50 సైకిల్స్. చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది, కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఫోను కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ పెట్టి, షట్టర్ (ఒక్కో బొమ్మకు వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 50వ వంతుకు మార్చగానే చారలు పోయాయి. ఇది తెలియక ఎంతమంది కుర్రాళ్లు ఖరీదైన ఫోను కోసం ఇంట్లో గొడవ పడుతున్నారో!

అన్నిటికంటే ఏడిపించింది సౌండు. మొదటి ఆదివారం తీసిందంతా ఇంటికొచ్చి విన్నాను. ఫ్యాను గర్రుమంటోంది, పక్కింటి కుక్కరు విజిల్ వేస్తోంది, పెద్దమ్మ మాట ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది. పారేయక తప్పలేదు. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. రెండో వారం ఇంకో ఫోనుకు మైకు తగిలించి, ఆ ఫోను పెద్దమ్మ బొడ్లో దోపి, మైకు పైట మడతలో పెట్టాం. రెండు ఫోన్లూ ఆన్ చేశాక ఎదురుగా నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాలి. ఎడిటింగులో ఆ చప్పట్ల దగ్గర రెండిటినీ కలిపితే మాటా పెదవీ కుదురుతాయి. ఫ్యాను కట్టేశాం, ఫ్రిజ్ కట్టేశాం. ఎవరూ మాట్లాడకుండా ఆ గది చప్పుడే అర నిమిషం విడిగా రికార్డు చేసుకున్నాం, మాటల మధ్య ఖాళీలు వచ్చినచోట వేయడానికి. ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయి వచ్చేశాను. పెద్దమ్మ పాలు విరిగిపోయాయి. మర్నాడు లీటరు పాలు పట్టుకెళ్తే, "దీనికోసం వచ్చావా అబ్బాయ్" అని నవ్వింది.

థర్మకోల్ షీటు ఆలోచన నాకు గ్రంథాలయంలో దొరికింది. పాత పత్రికల బౌండులో కెమెరామన్ సుబ్రత మిత్ర గురించి చదివాను. సత్యజిత్ రాయ్ మొదటి సినిమాకు కెమెరా పట్టేనాటికి మిత్రకు 21, 22 ఏళ్లు, అంతకుముందు మూవీ కెమెరా నడిపింది లేదు. తర్వాత 1956లో వచ్చిన రాయ్ సినిమా 'అపరాజితో' కోసం స్టూడియోలో కాశీ ఇంటి లోగిలి సెట్ వేస్తే, ఆయన పైన తెల్లగుడ్డ కట్టించి, లైట్లు దానిమీదికి కొట్టి ఆ వెలుతురు కిందికి పడేలా చేశారు. అచ్చం ఆకాశం నుంచి వచ్చినట్టుండేది. నేను గుమ్మంలో పడే ఎండకు ఎదురుగా థర్మకోల్ పట్టించాను. పెద్దమ్మ ముఖంలో నీడపడ్డ సగం తేటపడింది.

ఎడిటింగు మేనల్లుడి పాత ల్యాప్‌టాప్‌లో, డావిన్సీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో చేశాం. మొదటిసారి 13 నిమిషాలు వచ్చింది. నాకు అన్నీ ముఖ్యమే అనిపించాయి. ట్యూషన్ మాస్టారి దగ్గర ప్రొజెక్టరు అడిగి తెచ్చి, మేడమీద దుప్పటి కట్టి పదకొండు మందికి చూపించాను. తెర చూడలేదు, వాళ్ల ముఖాలు చూశాను. పెద్దమ్మ టీ కాచే సీను దాదాపు రెండు నిమిషాలుంది. నీళ్లు మరిగేలోపు నలుగురు ఫోన్లు తీశారు. ఆవిడ రెండో గ్లాసు కడిగి బోర్లించినప్పుడు మాత్రం ఎవరూ కదల్లేదు. ఆ రాత్రే ఆరు నిమిషాలు తీసేశాను. ఫోనుంది, సాఫ్ట్‌వేర్ ఉంది, పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. తీసింది నలుగురి మధ్య కూర్చుని చూసుకునే చోటే మా ఊళ్లలో లేదు. ఫంక్షన్ హాలు అడిగితే అద్దె నా సినిమా ఖర్చును మించింది.

1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు మనమంతా గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పట్టణాల్లో చాలా గ్రంథాలయాలకు హాళ్లున్నాయి, కుర్చీలున్నాయి. జిల్లా గ్రంథాలయ సంస్థలు నెలకు ఒక్క ఆదివారం, సాయంత్రం రెండు గంటలు ఆ హాలు షార్ట్ ఫిలింలు తీసేవాళ్లకు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. తీసినవాళ్లు తమ సినిమా చూపిస్తారు, చూసినవాళ్లు ఎక్కడ విసుగొచ్చిందో చెబుతారు. చదువుకునేవాళ్లకు ఇబ్బంది లేకుండా పఠన సమయం అయ్యాకే పెట్టుకుంటాం. తెరకు దుప్పటి, ఎక్స్‌టెన్షన్ బోర్డు, వైరు నేను తెస్తాను. హాల్లో ఆగిపోయిన ఫ్యాన్లు, వెలగని లైట్లు ఉంటే అవీ బాగుచేసి పెడతాను, కూలి అక్కర్లేదు.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్,
గుంటూరు జిల్లా