పంపు పరుగుకు ముందు పీల్చాలి

సంపాదకులకు,

చలికాలం వచ్చిందంటే విశాఖ బీచ్‌రోడ్డు మీద తెల్లవారకుండానే నడక మొదలవుతుంది. యూనివర్సిటీ మైదానాల్లో కుర్రాళ్లు కానిస్టేబుల్ పరీక్షల 1600 మీటర్ల పరుగుకు సాధన చేస్తుంటారు. బడుల్లో ఆటల పోటీల హడావుడి. వీళ్లలో ఉబ్బసం ఉన్నవాళ్లు చాలామంది పంపు (ఇన్‌హేలర్) వెంట ఉంచుకుంటారు గానీ, ఆయాసం ముంచుకొచ్చాకే జేబు తడుముకుంటారు. పరుగు దగ్గర ఆ మందు పీల్చాల్సిన వేళ అది కాదు.

మామూలుగా ముక్కు గాలిని వెచ్చబరిచి, తడిపి లోపలికి పంపుతుంది. పరిగెత్తేటప్పుడు నోటితో పీలుస్తాం కాబట్టి ఆ పని శ్వాసనాళాల మీద పడుతుంది. వాటి గోడల మీది పల్చటి నీటిపొర ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది. అప్పుడు హిస్టమిన్, ల్యూకోట్రయిన్లు అనే రసాయనాలు విడుదలై చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. ఈ బిగింపు పరుగు మధ్యలో కంటే ఆగిన తర్వాత 5 నుంచి 15 నిమిషాల్లో ఎక్కువ. పీటీ పీరియడ్‌లో బాగానే ఆడిన పిల్లాడు లెక్కల క్లాసులో కూర్చుని దగ్గేది ఇందుకే. టీచరు జలుబనుకుంటారు. చాలామందికి అరగంట నుంచి గంటన్నరలో దానంతటదే సర్దుకుంటుంది. సాయంత్రం డాక్టరు స్టెతస్కోపు పెడితే పిల్లికూతలేమీ వినపడవు.

మన తీరపు గాలిలో తేమ ఉండటం కొంత మేలు. బీచ్‌రోడ్డులో హాయిగా నడిచే మనిషే లంబసింగి చలిలోనో, తెల్లవారుజామున వంజంగి కొండ ఎక్కేటప్పుడో ఉక్కిరిబిక్కిరవుతాడు. అక్కడి చల్లగాలిలో నీటి ఆవిరి తక్కువ. ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ కూడా దాదాపు ఇదే బాపతు. ఊళ్లోనూ చిక్కు లేకపోలేదు. కొండల మధ్య గిన్నెలా ఉన్న పాత నగరంలో శీతాకాలపు ఉదయాల్లో పొగ, దుమ్ము పైకి పోక కింద నిలిచిపోతాయి. జ్ఞానాపురం, మల్కాపురం వైపు వాళ్లు ఎండ ఎక్కాక నడవడమే మంచిది.

ఇక మోతాదు. మన దగ్గర దొరికే సాల్బుటమాల్ పంపు (బిగుసుకున్న నాళాలను విప్పే నీలం పంపు) ఒక్కో నొక్కుకు 100 మైక్రోగ్రాములు ఇస్తుంది. వ్యాయామానికి ముందు వాడమని డాక్టరు రాసినవాళ్లు 10 - 15 నిమిషాల ముందు 2 నొక్కులు పీల్చాలి. దాని కాపు 2 నుంచి 4 గంటలు. మూత తీసి, లోపల చెత్తేమైనా ఇరుక్కుందేమో చూసి, బాగా కుదపాలి. కొత్త పంపైనా, కొన్ని రోజులు వాడనిదైనా ముందు రెండు నొక్కులు గాల్లోకి వదలాలి. ఊపిరి నెమ్మదిగా బయటికి వదిలి, గొట్టం చుట్టూ పెదాలు బిగించి, పీల్చడం మొదలుపెట్టిన క్షణంలో నొక్కి, 4 - 5 సెకన్లపాటు నింపాదిగా పీలుస్తూనే ఉండాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. అరనిమిషం ఆగి, మళ్లీ కుదిపి రెండోది.

తప్పు జరిగేది ఎక్కువగా నొక్కే క్షణంలోనే. పీల్చకముందే నొక్కితే మందంతా నాలుక మీద పడుతుంది. నోటి పక్కల నుంచో ముక్కు నుంచో పొగలా బయటికొస్తే ఆ నొక్కు లెక్కలోకి రాదు. పిల్లలకూ పెద్దవాళ్లకూ పంపుకు స్పేసర్ అనే బోలు గొట్టం తగిలిస్తే ఈ బాధ తప్పుతుంది. అందులోకి ఒకసారికి ఒక్కటే నొక్కాలి. స్పేసర్‌ను సబ్బునీళ్లలో ముంచి, తుడవకుండా ఆరబెట్టాలి. గుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడలకే అతుక్కుంటుంది.

రోటాక్యాప్‌ల (పరికరంలో పెట్టి పీల్చే, పొడి మందు నింపిన గొట్టం మాత్రల) పద్ధతి వేరు. అక్కడ నింపాదిగా కాదు, గట్టిగా, లోతుగా ఒక్క గుక్కలో లాగాలి. పరికరంలోకి ఊదకూడదు. మన ఉక్కకు పొడి ఇట్టే ముద్ద కడుతుంది కనుక చెమట చేత్తో గొట్టం మాత్ర ముట్టుకోవద్దు, సీసా మూత తీసి వదిలేయొద్దు. పీల్చాక విప్పి చూడండి, పొడి మిగిలితే మళ్లీ పీల్చండి.

వ్యాయామం ముందు పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుంటే, మధ్యలో నాలుగైదు చిన్న పరుగులు తీస్తే, కొందరికి ఆ తర్వాత గంటో రెండు గంటలో నాళాలు అంత తేలిగ్గా బిగుసుకోవు. ఖర్చు లేని మందు, ఎవరూ చెయ్యరు.

రోజూ నడకకు ముందు నీలం పంపు కావాల్సి వస్తోందంటే అసలు జబ్బు అదుపులో లేనట్టే. రోజూ వాడేకొద్దీ దాని కాపు కూడా పల్చబడుతుంది. లోపలి వాపును తగ్గించేది పీల్చే స్టెరాయిడ్. ఆ మాట వినగానే మనవాళ్లు హడలిపోతారు. కానీ ఒక నొక్కులో ఉండేది 100, 200 మైక్రోగ్రాములు. ఆయాసం ముదిరితే మింగే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 200 నుంచి 400 రెట్లు. పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలు. బుడెసొనైడ్ (స్టెరాయిడ్), ఫార్మొటెరాల్ (నాళాలను విప్పే మందు) కలిసిన పంపును వ్యాయామానికి ముందు వాడే పద్ధతి కూడా ఉంది. ఏది సరిపోతుందో డాక్టరే తేల్చాలి. పక్కింటాయన పంపు అరువు తెచ్చుకోవద్దు. నలభై దాటినవాళ్లకు నడకలో ఛాతీ పట్టేస్తుంటే ముందు గుండె చూపించుకోవాలి.

పోటీల్లో దిగేవాళ్లకు ఒక లెక్క ఉంది. ప్రపంచ డోపింగ్ నిరోధక నిబంధనల్లో పీల్చే సాల్బుటమాల్ 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు దాటకూడదు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదు. అంటే ఎనిమిది గంటల్లో ఆరు నొక్కులు. అదే మందు మాత్రగానో సిరప్‌గానో వేసుకుంటే అసలు కుదరదు. ప్రాణం మీదికొస్తే మాత్రం ఈ లెక్క పక్కన పెట్టండి.

బడుల యాజమాన్యాలకు ఒక విన్నపం. పిల్లల పంపులు ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయకండి. పిల్లాడి జేబులోనో, మైదానం అంచున పీఈటీ సంచిలోనో ఉండాలి. ఆట మధ్యలో ఆయాసం వస్తే పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, స్పేసర్‌తో అరనిమిషానికొక నొక్కు చొప్పున పది వరకు ఇవ్వవచ్చు. తగ్గకపోయినా, మాట పూర్తి చేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయాలి.

డబ్బా ఖాళీ అయిందో లేదో నీళ్లలో తేల్చి చూసే అలవాటు మానండి, దానివల్ల ఏమీ తెలియదు, పైగా రంధ్రం మూసుకుపోతుంది. డబ్బాకు 200 నొక్కులు. లెక్క చూపే అంకెలు లేకపోతే మొదలుపెట్టిన తేదీ పెన్నుతో దాని మీదే రాసుకోండి. ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో మాత్రం దాన్ని వదిలి వెళ్లకండి.

– ఒక ఛాతీ వైద్యుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం