మీ ఉద్యోగం పేరు

స్ట్రాస్‌బర్గ్, ఆదివారం

నాన్నగారికి నమస్కారాలు.

జ్వరం పూర్తిగా తగ్గింది. అమ్మకి ముందు ఆ మాట చెప్పండి. నాలుగు రోజులు దాచానని కోప్పడుతోంది గానీ, చెప్తే మీ ఇద్దరికీ నిద్ర ఉంటుందా? కింది వాటా పోర్చుగీసు ఆవిడ పూటపూటా సూప్ తెచ్చిచ్చింది. చారులా అన్నంలో పోసుకుని తిన్నాను. ఆఫీసు మామూలే.

డాక్టరు ‘గార్దే ల లీ’ అన్నాడు. పక్క దిగొద్దని. మాటకు మాట చూస్తే మంచానికి కాపలా ఉండమని! ఆ ‘గార్దె’ మీ రైలు గార్డే నాన్నా. పడుకున్నన్నాళ్లూ నిఘంటువు పక్కన పెట్టుకుని దాని వెంటే తిరిగాను.

అది పుట్టుకతో ఫ్రెంచి కాదట. 5వ శతాబ్దంలో ఈ దేశాన్ని గెలిచి ఏలిన ఫ్రాంకులది, జర్మనిక్ మాట, అంటే జర్మన్, ఇంగ్లీషుల కుటుంబానిది. మొదట ‘వార్దోన్’ లాంటిది, కనిపెట్టి చూడటం అని. లాటిన్ అలవాటైన నోళ్లలో ముందరి ‘వ’ కాస్తా ‘గ్వ’ అయి, తర్వాత ఉత్త ‘గ’ మిగిలింది. ఉత్తరాన నార్మండీ వైపు మాత్రం ‘వ’ పోలేదు. అక్కణ్ణించి 1066లో దండెత్తిన నార్మన్లతో అదీ, తర్వాత పారిస్ ఫ్రెంచితో ‘గ’ మాటా ఇంగ్లండు చేరాయి. అందుకే ఇంగ్లీషులో వార్డెనూ ఉంది, గార్డూ ఉంది. కావలి హాస్టల్లో అక్క చేసేదీ, బిట్రగుంటలో మీరు చేసిందీ ఒక్క మాటే! 2022లో రైల్వేవాళ్లు గార్డు అన్న పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నప్పుడు మీరు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఇదంతా అప్పుడే తెలిసుంటే బాగుండేది.

అక్క మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దనండి.

‘రగార్దె’ అంటే చూడటం. పసిపిల్లల్ని చూసుకునే చోటు ‘గార్దెరీ’. మనకూ చూడటంలోంచే కదా చూసుకోవడం వచ్చింది. శనివారం సరుకులకి ట్రామెక్కి రైను నది దాటితే జర్మనీ, కేల్ ఊరు. అక్కడ ‘వార్టెన్’ అంటే ఆగి ఉండటం. అదీ ఈ మాట తోబుట్టువే. చూపు అక్కడ ఎదురుచూపయింది. మీ నైట్ డ్యూటీ రోజుల్లో అమ్మ వరండా లైటు ఆర్పకుండా గుమ్మంలోనే కూర్చునేది, గుర్తొచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదు.

అటక మీద మీ చేతి దీపం, ఎరుపూ పచ్చా అద్దాలది, పాత సామాన్లవాడికి వెయ్యనివ్వకండి. జూన్‌లో వచ్చి తెచ్చుకుంటాను.

మీ
చిన్నమ్మాయి